ముల్లు చెప్పని పన్నెండు కిలోలు

మార్చి 3, సోమవారం. బరువు: 78.

ఈ పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. పారేయడానికి చేతులు రాలేదు. ఇవాళ్టి నుంచి మిగిలినవాటిలో నేను రాసుకుంటాను. ముందు పేజీలు మాత్రం తిప్పను. అవి అన్నయ్యవి.

అన్నయ్యకు ఒక నియమం ఉండేది. కాటాలు బాగుచేసేవాడు పొద్దున్నే దుకాణం తెరవగానే తన కాటా మీద తాను నిలబడాలి, బరువు పుస్తకంలో రాసుకోవాలి, ఆ తర్వాతే ఊరివాళ్ళ కాటాల మీద చెయ్యి వేయాలి. దుకాణం నడిపిన పంతొమ్మిదేళ్ళూ ఒకటే అంకె రాశాడు: 64. బాగుచేసిన కాటా మీద ఎవరికైనా అనుమానం వస్తే తానే దాని మీదికెక్కి చూపించేవాడు. "అరవై నాలుగు చూపించిందా? అయితే మంచిదే, పట్టుకెళ్ళండి" అనేవాడు. ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఇరవై కిలోల తూకం రాయి మీద కూడా వాళ్ళకు అంత నమ్మకం ఉండేది కాదు.

ఆ నియమం నేనూ పాటిస్తున్నాను. కాకపోతే దుకాణంలో పెద్ద కాటా మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి కాబట్టి ఇంట్లో చిన్న కాటా మీద చూసుకుని వచ్చి ఇక్కడ రాస్తున్నాను. పెట్టెలు పేర్చింది నేనే. చోటు లేక.

మనసు బాగానే ఉంది. ఆకలి ఇంకా బాగుంది.

మార్చి 4, మంగళవారం. బరువు: 78.

బన్నులు నాలుగు. అవి నిన్నటివి. తిండి పారేస్తే పాపం.

మార్చి 7, శుక్రవారం. బరువు: 78.

పక్క బేకరీ ఆయన ఇవాళ బన్నులతో పాటు సలహా కూడా ఇచ్చాడు. "అన్నా, మీ అన్నయ్య పోయి ఏడు నెలలైంది. మీరింకా దిగులుతోనే ఉన్నారు. ఎవరైనా డాక్టరుకి చూపించుకోరాదా?" అన్నాడు.

నేను నవ్వాను. దిగులు పట్టుకున్నవాడు ఎలా ఉంటాడో నాకు తెలియదా? అన్నం ముట్టడు, చిక్కి శల్యమవుతాడు, గడ్డం పెంచుతాడు. నేను మూడు పూటలా తింటున్నాను. నిజం రాసుకోవాలంటే అయిదు పూటలా తింటున్నాను. గడ్డం రోజూ గీసుకుంటున్నాను, అంటే రోజు విడిచి రోజు. కాబట్టి నాకు దిగులు లేదు. లెక్క తేలిపోయింది.

ఈ మాటే ఆయనతో అంటే, "ఏమో అన్నా, మా బన్నులు ఇంతగా తినేవాళ్ళను నేను చూళ్ళేదు" అన్నాడు. అమ్ముకునేవాడు అనాల్సిన మాటేనా అది!

మార్చి 12, బుధవారం. బరువు: 78.

వృత్తికి సంబంధించిన విషయం ఒకటి రాసిపెట్టుకోవాలి.

నవంబరులో ఇంటి కాటా 81 చూపించింది. చలికి స్ప్రింగు బిగుసుకుంటే ఇలాంటివి జరుగుతాయి. లోపలి స్క్రూ పావు చుట్టు తిప్పాను, 78కి వచ్చింది. జనవరిలో మళ్ళీ 82 అంది. ఇంకో పావు చుట్టు. ఇవాళ పొద్దున మళ్ళీ 82. ఎండలకు స్ప్రింగు సాగినట్టుంది. ముచ్చటగా మూడోసారి తిప్పాను. ఈ కాలం స్ప్రింగుల్లో నాణ్యత బొత్తిగా లేదు.

పనితనం గురించి కూడా ఒక మాట. ఎవరూ ఎక్కనప్పుడు ముల్లు సరిగ్గా సున్నా మీదే ఉంటుంది. మనిషి ఎక్కితేనే కాస్త తగ్గించి చెబుతుంది. చేతకానివాడైతే సున్నానే జరిపేసి దొరికిపోయేవాడు.

దుకాణం నుంచి తూకం రాయి తెచ్చి పరీక్షించవచ్చు కదా అని నాకూ తోచింది. ఇరవై కిలోలు మోసుకుంటూ నడిచి రావాలి. నడుము పట్టేస్తుంది. అసలు రాయి ఎందుకు, ప్యాంట్లు ఉన్నాయి కదా! నవంబరులో కుట్టించుకున్న ప్యాంటు ఇవాళ్టికీ నా నడుముకు అతికినట్టు సరిపోతోంది. బట్ట అబద్ధం చెప్పదు.

మార్చి 16, ఆదివారం. బరువు: 78.

మా ఆవిడ ప్రతి ఆదివారం బరువు చూసుకుంటుంది. టైలరు కదా, కొలతలంటే గురి. ఇవాళ కాటా ఎక్కి చాలాసేపు దిగలేదు. దిగాక వంటింట్లోకి వెళ్ళి నిలబడే రెండు అరటిపళ్ళు తినేసింది. ఆ తర్వాత చెంచాతో వెన్న తింది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదండీ, ఆకలేసింది" అంది.

ఇంట్లో ఇద్దరం ఆరోగ్యంగా ఉన్నాం. సంతోషం.

మార్చి 19, బుధవారం. బరువు: 78.

బంగాళాదుంపల వ్యాపారి కాటా మూడు వారాలుగా బల్ల మీదే పడి ఉంది. పని అరగంట. విప్పాను, చూశాను, మళ్ళీ మూసేశాను. దుకాణం మెట్లు నాలుగెక్కితే ఆయాసం వస్తోంది. ఎవరు కట్టారో గాని మరీ నిటారుగా కట్టారు. ఇరవై ఏళ్ళుగా నేనిది గమనించనే లేదు.

పదకొండింటికి అన్నయ్య టీ పెట్టేవాడు. ఇప్పుడు ఆ వేళకు బన్ను తింటాను. నోరు ఆడుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న కుర్చీ అంతగా కనపడదు. అయిపోగానే మళ్ళీ కనపడుతుంది. అందుకని ఇంకోటి తింటాను. ఆకలి వేరే, ఇది వేరే అని ఒక్కోసారి అనిపిస్తుంది. మళ్ళీ ఆకలేమోననిపిస్తుంది.

మార్చి 20. బరువు: 78.

ముందు పేజీలు తిప్పలేదు.

మార్చి 28, శుక్రవారం. బరువు: 78.

మా ఆవిడ నాకు వంట నేర్పుతోంది! అన్నం ఎలా వార్చాలి, కూరలో ఉప్పు ఎప్పుడు వేయాలి, పాలు పొంగకుండా దగ్గర ఎలా నిలబడాలి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వంటింట్లో నాకు మంచినీళ్ళు తాగే పని తప్ప ఇంకో పని లేదు.

"ఇప్పుడెందుకే ఇవన్నీ?"

"తెలిసుంటే మంచిదండీ. మనిషన్నాక ఎప్పుడెలా ఉంటుందో!"

అన్నం మాడింది. అయినా తిన్నాను. తక్కువేం తినలేదు.

ఏప్రిల్ 2, బుధవారం. బరువు: 78.

వెళ్ళిపోతోంది. నాకు అర్థమైపోయింది.

ఇవాళ ఇంటి కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో, గ్యాసు పుస్తకం ఎక్కడుందో, పాత దుప్పట్లు ఎందులో ఉన్నాయో చేయి పట్టుకుని మరీ తిప్పి చూపించింది. ఆరు కొత్త చొక్కాలు కుట్టి మడతపెట్టింది. "ఏడాదికొకటి తీసినా ఆరేళ్ళు చూసుకోనక్కర్లేదు" అంది. కాపురం చేసేది చొక్కాలతో కాదు కదా, నాతో! ఆ మాట అందామనుకున్నాను. నోట్లో బిస్కట్టు ఉంది.

ఆవిడ తప్పేం లేదు. దుకాణం నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడితో ఎవరు మాత్రం ఎంతకాలం ఉంటారు? ఆదివారం "అలా నడిచొద్దాం రండి" అంటే, మోకాలు నొప్పి అన్నాను. అడిగిన ప్రతిసారీ మోకాలే అడ్డం వేస్తున్నాను.

ఏప్రిల్ 5, శనివారం. బరువు: 78.

"మీకు ఒంటరిగా ఉండటం చేతకాదు. ఎవరో ఒకరు తోడుండాలి" అంది. పైగా ఆ మాట అంటూ నా తల నిమిరింది.

ఏప్రిల్ 9, బుధవారం. బరువు: 78.

ఏ ఊరు వెళ్తుందో, ఎప్పుడు వెళ్తుందో అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా కడుపు ఇప్పుడు కాళ్ళను కనపడనివ్వడం కూడా లేదు. ఈ వాక్యం కొట్టేయాలి. బరువు 78 మనిషికి అలా ఉండదు.

ఏప్రిల్ 14, సోమవారం. బరువు: రాయలేదు.

పొద్దున సందు చివరి ఆసుపత్రి నుంచి ఫోను. వాళ్ళ కాటా మీద అతికించిన మా దుకాణం కాగితంలో నంబరు చూసి చేశారట. కాటా తప్పు చూపిస్తోందని ఒక పేషెంటు గొడవ చేసిందట. అయిదు, పది, ఇరవై కిలోల రాళ్ళు రిక్షాలో వేయించుకుని వెళ్ళాను.

ఒక్కో రాయీ పెట్టాను. అయిదుకు అయిదు, పదికి పది, ఇరవైకి ఇరవై. వెంట్రుకవాసి తేడా లేదు.

"కాటా నిక్షేపంలా ఉంది డాక్టరమ్మా. తప్పన్నదెవరు?" అన్నాను గర్వంగా.

"ఒకావిడండీ. ఇంట్లో కాటాలో ఆదివారాలు చూసుకుంటుంటే మూడుసార్లు ఉన్నట్టుండి తగ్గానని కంగారుపడుతూ వచ్చింది. ఇక్కడేమో ఎనిమిదిన్నర కిలోలు ఎక్కువ చూపించింది. పరీక్షలన్నీ చేశాం, ఏ జబ్బూ లేదు. చెప్తే వినదు. ఇక్కడి కాటాయే తప్పంటుంది" అంది డాక్టరమ్మ.

పక్కనున్న నర్సమ్మ అందుకుంది. "ఒంటికి బట్టలు బిగుతవుతున్నాయి కదమ్మా అంటే, అది వాపంటుందండీ! లోపల గుల్లైపోతూ పైకి వాస్తోందట. మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చింది పాపం. ఇంటి కాటా సరిచేసింది ఊళ్ళోకల్లా నిజాయితీపరుడట, ఆయన చేతి తూకం తప్పదట!"

దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు. చేతిలో అయిదు కిలోల రాయి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మెడలో టేపు. అరటిపళ్ళు. వెన్న. అన్నం వార్చడం. ఆరు చొక్కాలు. వెళ్ళిపోతోందనుకున్నాను. తను పోతాననుకుంటోంది.

డాక్టరమ్మ నా మొహం చూసి కుర్చీ లాగింది. "మీకేమైంది? చెమటలు పడుతున్నాయి. ఒకసారి కాటా ఎక్కండి, బీపీ కూడా చూస్తాను."

ఎక్కను అన్నాను. రాళ్ళు పెట్టి నేనే మంచిదని తేల్చిన కాటా అది. ఎక్కక ఏం చేస్తాను? తొంభై.

తర్వాత ఆవిడ ఏవేవో అడిగింది. నిద్ర పడుతోందా, పని మీద మనసు నిలుస్తోందా, ఎందుకు తింటున్నారు, ఎప్పటినుంచి. నేను వరసగా అబద్ధాలు చెప్పుకుంటూ వచ్చి, అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ తర్వాత ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నర్సమ్మ తలుపు దగ్గరికి వేసింది.

"దిగులుంటే మనిషి చిక్కిపోవాలి కదా డాక్టరమ్మా? నేను లావవుతున్నాను" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"కొందరు చిక్కుతారు, కొందరు లావవుతారు. రెండూ డిప్రెషనే కావచ్చు. కడుపులో గ్రెలిన్ అని ఒక హార్మోను పుడుతుంది, 'ఆకలి' అని మెదడుకి కబురు పంపడం దాని పని. ఒంట్లో కొవ్వు నుంచి లెప్టిన్ అని ఇంకొకటి, 'ఇక చాలు' అనే కబురు. దిగులు, నిద్ర లేకపోవడం, వీటివల్ల ఈ కబుర్లు తారుమారు కావచ్చు. చాలు అన్నది మెదడుకి ఆనదు. దానికి తోడు తిన్న కాసేపూ బాధ తగ్గినట్టుంటుంది. ఇది మీ తిండిపోతుతనం కాదండీ."

"అంటే, పళ్ళెం నిండినా ముల్లు సున్నా మీదే నిలబడిందన్నమాట."

"అలాగే అనుకోండి. ముల్లుని తిట్టి లాభం లేదు. బాగుచేయించాలి. మందులున్నాయి, మాటలున్నాయి, నడక ఉంది. వారం వారం రండి."

అప్పుడు ఎవరికీ చెప్పని సంగతి చెప్పేశాను. పోయినేడాది మే నెలలో అన్నయ్య బరువు దుకాణం కాటాలో 63 చూపించింది, తర్వాత 62. కాటా పాతబడిందన్నాను. అన్నయ్య చూస్తుండగానే స్క్రూ తిప్పి 64కి తెచ్చాను. మనిషి తగ్గుతాడని నాకు తట్టలేదు. కాటాలే తప్పుతాయని పుట్టినప్పటినుంచీ నమ్మినవాణ్ణి. రెండు నెలల తర్వాత జబ్బు బయటపడింది. ఆగస్టులో పోయాడు.

డాక్టరమ్మ ఆ జబ్బు పేరడిగింది. చెప్పాను. "దానికి రెండు నెలలు పెద్ద తేడా కాదండీ. ఇప్పుడు చెప్తే మీరు నమ్మరు. వచ్చే వారం మళ్ళీ చెప్తాను" అంది.

ఏప్రిల్ 15, మంగళవారం.

ఇంటి దాకా రాయి మోసుకెళ్ళి, గుమ్మంలోంచి మళ్ళీ దుకాణానికి మోసుకొచ్చాను. రెండుసార్లు.

ఏప్రిల్ 16, బుధవారం. బరువు: 90 (ఆసుపత్రి కాటా).

చెప్పేశాను.

మా ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. నేను ఇరవై కిలోల రాయి పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాను.

"ఇదేంటండీ, రాయి ఇంటికి తెచ్చారు?"

"కూర్చో, చెప్తాను."

"కూర్చునే ఉన్నాను కదా!"

ఇంటి కాటా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. దాని మీద రాయి పెట్టాను. ముల్లు పదిహేడు దాటి కాస్త ముందుకెళ్ళి ఆగిపోయింది. ఆవిడ ముల్లు వైపు చూసింది, రాయి మీద చెక్కిన అంకె వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"నవంబరు నుంచి. మూడుసార్లు."

మార్కింగు సుద్ద తీసుకుని, కత్తిరించడానికి పరిచిన గుడ్డ మీదే లెక్క వేసింది. రెండుసార్లు వేసింది. "అరవై మూడు. ఆసుపత్రిలో చెప్పిందీ అంతే" అంది మెల్లగా. తర్వాత ఆ గుడ్డనే ఉండచుట్టి నా మొహాన కొట్టింది.

"నెలల తరబడి చచ్చిపోతున్నాననుకుంటున్నానండీ! బావగారికీ ఇలాగే మొదలైంది కదా! నేను పోతే మీకు పాలు కాచుకోవడం కూడా రాదని... వెన్నంటే నాకు డోకు! కళ్ళు మూసుకుని మింగాను!"

"నాకెందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్తాను? అసలే మీరు మనిషిలో మనిషి కారు. ఇది కూడా వింటే మళ్ళీ లేస్తారా అని భయం."

ఇద్దరం చెరో పక్కన కూర్చుని ఏడ్చాం. కాసేపయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ప్యాంటు విప్పండి" అంది.

"ఇప్పుడా?"

"విప్పండి, చెప్తాను."

లుంగీ చుట్టుకుని ప్యాంటు ఇచ్చాను. వెనక కుట్టు తిరగేసి చూపించింది. పాత కుట్ల చారలు ఒకదాని పక్కన ఒకటి మూడున్నాయి. నా ప్యాంట్లన్నిటికీ ఉన్నాయట. నేను పడుకున్నాక ఊడదీసి వదులు చేసేదట, బిగుతైందని తెలిస్తే నా మనసు ఇంకా పాడవుతుందని.

"మీరు కాటాకి అబద్ధం నేర్పారు, నేను ప్యాంటుకి నేర్పాను. ఇంక వదలడానికి లోపల బట్ట లేదండీ" అంది.

సాయంత్రం ఇద్దరం నడవడానికి వెళ్ళాం. మోకాలు నిజంగానే నొప్పి పెట్టింది. ఈసారి ఎవరూ నమ్మలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం. బరువు: 90 (దుకాణం కాటా).

అంకె తగ్గలేదు. మందు మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది, అప్పుడే తగ్గదట. నిన్న బన్నులు రెండు. ఒకటి ఆకలికి, ఒకటి కుర్చీకి. ఏది దేనికో ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

మా ఆవిడ దుకాణానికి వచ్చి పెట్టెలు దించమంది. దించాం. పెద్ద కాటా అలాగే ఉంది, మీద దుమ్ము తప్ప. నా స్క్రూ ఇంకా అందులోనే ఉందని, ముందు దాన్ని వెనక్కి తిప్పాలని చెప్పాను. ఎంత తప్పు చూపిస్తోందో చూద్దామని రాయి పెట్టాను.

ఇరవై. సరిగ్గా ఇరవై.

దుకాణంలో ఉన్న రెండో ఇరవై కిలోల రాయీ పెట్టాను. నలభై. నేను తిప్పిన స్క్రూను ఎవరో వెనక్కి తిప్పేశారు. ఈ దుకాణంలో ఆ పని చేయగలవాళ్ళు ఇద్దరమే.

అప్పుడు ముందు పేజీలు తిప్పాను. 64, 64, 64. మే నెలలో 63. తర్వాత 62. దాని కింద నా అక్షరాలు: "కాటా సరిచేశాను." ఆ కింద మళ్ళీ అన్నయ్య చేత్తో 64, 64, వరసగా రెండు నెలలు. అన్నయ్య పేజీకి ఒకవైపే రాసేవాడు. ఆ పేజీ తిప్పితే, ఖాళీగా ఉండాల్సిన వైపు, చిన్న అక్షరాలున్నాయి.

"రాళ్ళు పెట్టి చూశాను. కాటా మంచిదే. తేడా నాలోనే ఉంది. స్క్రూ వెనక్కి తిప్పేశాను. పుస్తకంలో మాత్రం 64 అనే రాస్తాను. డాక్టరుకు చూపించుకుంటాను. తమ్ముడికి ఇప్పుడే చెప్పకూడదు. చెబితే వాడు అన్నం మానేస్తాడు."

నా భుజం మీదుగా మా ఆవిడ కూడా చదివింది. చదివి, నా పొట్ట వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. ముందు నవ్వింది ఆవిడే. నేను నవ్వుతూ, ఏడుస్తూ, నిలబడలేక ఆ కాటా మీదే కూలబడ్డాను. ముల్లు అటూ ఇటూ ఊగి తొంభై దగ్గర ఆగింది.

పంతొమ్మిదేళ్ళలో అన్నయ్య తూకం తప్పింది ఆ ఒక్కసారే. పన్నెండు కిలోల తేడా.